బండికి ఫోన్ మౌంటా, విడిగా స్క్రీనా, హెల్మెట్‌లో స్పీకరా? బెజవాడ-గుంటూరు ఎండల్లో తిరిగేవాళ్ళకి ఏది పనికొస్తుంది

మా బాబాయి కొడుకు కిందటి నెల కొత్త బండి తీసుకున్నాడు, తీసుకున్న వారానికే ఫోన్ చేసి "అన్నయ్యా, ఆన్‌లైన్‌లో ఐదించుల స్క్రీన్ ఒకటి చూశా, ఆండ్రాయిడ్ ఆటో వస్తదంట, తీస్కోమంటావా లేకపోతే ఫోన్ మౌంట్ సరిపోద్దా" అన్నాడు. ఆండ్రాయిడ్ ఆటో అంటే ఫోన్‌లోని మ్యాప్, పాటలు విడి స్క్రీన్ మీద చూపించే గూగుల్ ఏర్పాటు. ఒక్క ముక్కలో చెప్పే విషయం కాదు కదా, ఆదివారం ఇంటికి రమ్మన్నా, వచ్చాక గంటన్నర కూర్చుని మాట్లాడుకున్నాం, వాడి బండి హ్యాండిల్ దగ్గర నిలబడి టేపు పెట్టి కొలిచి మరీ చూశాం. అప్పుడు వాడికి చెప్పిందే ఇంకొంచెం వివరంగా ఇక్కడ రాస్తున్నా, ఎందుకంటే ఇదే ప్రశ్న ఆఫీసులో ఇద్దరు ముగ్గురు అడిగారు. నేను ఉండేది పటమటలో, పని గుంటూరులో, వారానికి ఐదు రోజులు కృష్ణ మీది వారధి దాటి మంగళగిరి మీదుగా వెళ్ళి రావడం, నెలకో రెండు నెలలకో శ్రీశైలమో సూర్యలంకో నాగార్జున సాగరో ఒక పెద్ద ట్రిప్పు. ఏడేళ్ళలో చవక క్లాంపులు, మంచి మౌంటు, విడి స్క్రీను, హెల్మెట్ బ్లూటూత్ అన్నీ వాడా.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. బండి మీద దారి చూపించే వస్తువు ఏదైనా సరే, దాన్ని ఎంత తక్కువ సార్లు చూడాల్సొస్తే అది అంత మంచిది. లెక్క చూడండి, గంటకి 60 కిలోమీటర్ల స్పీడులో బండి సెకనుకి దాదాపు 17 మీటర్లు పోతుంది, మ్యాప్ మీద రెండు సెకన్లు చూపు నిలిపితే 33 మీటర్లు రోడ్డు చూడకుండా పోయినట్టే, మన హైవే మీద ఆ 33 మీటర్లలో గేదె అడ్డం రావచ్చు, షేర్ ఆటో ఉన్నట్టుండి ఆగిపోవచ్చు. కారులో ఉన్నవాళ్ళకి చుట్టూ ఇనుము ఉంటుంది, మనకి లేదు. అందుకే నేను స్క్రీన్ ఎన్ని అంగుళాలు అన్న దాన్ని చివర్న పెడతా, చెవిలో మాట స్పష్టంగా వినపడుతుందా అన్నది మొదట పెడతా.

హెల్మెట్ బ్లూటూత్ గురించి అందుకే మొదట చెప్తున్నా. హెల్మెట్ లోపల చెవుల దగ్గర గుంటల్లో సన్నటి స్పీకర్లు అతికించి, బయట ఎడమ పక్కన చిన్న డబ్బా క్లిప్ చేస్తారు. సేనా, కార్డో లాంటి పెద్ద కంపెనీలవి ఖరీదు ఎక్కువ, వాటిలో రైడర్లు ఒకళ్ళతో ఒకళ్ళు మాట్లాడుకునే ఇంటర్‌కామ్ కూడా ఉంటుంది, ఒక్కళ్ళే తిరిగేవాళ్ళకి ఆ ఇంటర్‌కామ్ అక్కర్లేదు కాబట్టి మామూలు చవక సెట్ సరిపోతుంది. గూగుల్ మ్యాప్స్‌లో 2018 నుంచి తెలుగు వాయిస్ ఉంది, చాలామందికి ఆ సంగతి తెలియదు, సెట్టింగ్స్‌లో నావిగేషన్ భాష తెలుగు పెట్టుకుంటే "200 మీటర్లలో కుడివైపు తిరగండి" అని చెప్తుంది. ఊళ్ళ పేర్లు పలకడంలో ఒక్కోసారి తడబడుతుంది గానీ కుడి ఎడమలు మాత్రం స్పష్టం. అంతకుముందు ఏడాది, 2017 డిసెంబర్‌లో, టూవీలర్ మోడ్ మన దేశంలోనే మొదట తెచ్చారు, మ్యాప్‌లో బైక్ బొమ్మ నొక్కి దారి అడగండి, కారు బొమ్మ మీద ఉంచితే ఒక్కోసారి చుట్టు దారి చూపిస్తుంది.

హెల్మెట్ స్పీకర్ కొనేటప్పుడు చూడాల్సింది ఒకటే, స్పీకర్ సరిగ్గా చెవి రంధ్రం ఎదురుగా వస్తుందా లేదా. అది ఒక సెంటీమీటర్ పక్కకి జరిగినా 60 దాటాక గాలి హోరులో ఏమీ వినపడదు, మా ఫ్రెండ్ ఒకడు "స్పీకర్ వేస్టు బ్రో" అని పక్కన పడేస్తే నేను లోపల లైనింగ్ తీసి స్పీకర్ని కొంచెం కిందకి జరిపి అతికించా, అదే స్పీకర్ ఇవాళ్టికీ వాడుతున్నాడు. ఇయర్‌బడ్స్ పెట్టుకుని హెల్మెట్ వేసుకోవద్దు, బడ్స్ చెవిని మూసేస్తాయి, వెనక లారీ హారన్ వినపడదు, అరగంట దాటితే చెవి నొప్పి కూడా.

ఇప్పుడు ఫోన్ మౌంట్ సంగతి. నూటికి తొంభై మంది దగ్గర ఆగేది ఇదే, ఆగినా తప్పేం లేదు, కానీ ఇందులో మూడు ప్రమాదాలు ఉన్నాయి, అదురు, ఎండ, వాన.

అదురు సంగతి నాకు డబ్బు పోయాక తెలిసింది. నాలుగు నెలలు మామూలు క్లాంప్‌లో ఫోన్ పెట్టి రోజూ గుంటూరు వెళ్ళొచ్చా, ఒక రోజు మా పాప పుట్టినరోజుకి ఫొటో తీద్దామని కెమెరా తెరిస్తే బొమ్మ నిలబడట్లా, నీళ్ళలో చూస్తున్నట్టు వణుకుతూనే ఉంది, ఫోన్‌ని చెవి దగ్గర పెట్టి వింటే లోపల్నుంచి సన్నగా జుయ్‌మని చప్పుడు. సర్వీస్ వాళ్ళు కెమెరా మొత్తం మార్చాలన్నారు, ఆ బిల్లు కట్టాక దీని గురించి చదివా. ఇప్పటి ఫోన్లలో చాలావాటికి కెమెరా లెన్స్ గట్టిగా బిగించి ఉండదు, చేతి వణుకుని సరిచేయడానికి అయస్కాంతాల మధ్య తేలుతూ ఉంటుంది, ఇంజిన్ నుంచి హ్యాండిల్‌కి వచ్చే అదురు గంటల తరబడి తగిలితే ఆ మెకానిజం దెబ్బతింటుంది. ఆపిల్ కంపెనీ 2021 సెప్టెంబర్‌లో ఇదే విషయం మీద రాతపూర్వకంగా హెచ్చరిక పెట్టింది, పెద్ద ఇంజిన్ బండ్లకి ఫోన్ నేరుగా బిగించొద్దని, స్కూటర్, మోపెడ్ లాంటి వాటికి పెట్టినా అదురు తగ్గించే మౌంట్ వాడమని. ఆండ్రాయిడ్ ఫోన్లలో కూడా కెమెరాకి ఓఐఎస్ అని రాసి ఉంటే అదే సంగతి, లోపల పార్టు అలాంటిదే.

కాబట్టి మౌంట్ కొంటే డ్యాంపర్ ఉన్నదే కొనండి, అంటే హ్యాండిల్‌కి బిగించే ముక్కకీ ఫోన్ పట్టుకునే ముక్కకీ మధ్యలో రబ్బరు గుబ్బలు ఉంటాయి. క్వాడ్ లాక్ దీనికి పేరున్న బ్రాండ్ కానీ దానికి ఫోన్ కేసో, కేసుకి అతికించే ముక్కో కూడా వాళ్ళదే కొనాలి, డ్యాంపర్ విడిగా కొనాలి, మొత్తం కలిపితే బాగానే అవుతుంది. మన దగ్గర ఎక్కువమంది వాడేది బోబో, నాలుగు మూలలా గోళ్ళలా పట్టుకుంటుంది, అందులోనూ డ్యాంపర్ ఉన్న మోడల్, లేని మోడల్ రెండూ ఉంటాయి, షాపులో ఉన్నదేదో ఇచ్చేస్తారు, మీరే అడిగి డబ్బా తెరిచి రబ్బరు ఉందో లేదో వేలితో నొక్కి చూసుకోండి. నొక్కితే కొంచెం మెత్తగా ఊగాలి.

ఎక్కడ బిగిస్తారన్నది కూడా ముఖ్యం. అద్దం కాడకి బిగించే రకం చూడ్డానికి నీటుగా ఉంటుంది కానీ ఆ కాడ చివర అదురు ఎక్కువ. హ్యాండిల్ మధ్యలో, స్టెమ్‌కి, అంటే హ్యాండిల్ బండికి కలిసే చోటుకి దగ్గరగా బిగిస్తే అదురు తక్కువ, మీటరు పక్కనే ఉంటుంది కాబట్టి చూపు కూడా ఎక్కువ కిందకి దిగక్కర్లేదు. ఆటోనగర్‌లో నా బండి చూసే మెకానిక్ ఒక చిన్న పని చేశాడు, క్లాంప్ బిగించే ముందు పాత సైకిల్ ట్యూబు రెండించులు కోసి హ్యాండిల్ చుట్టూ చుట్టాడు, దాని మీద క్లాంప్ పెట్టి అలెన్ కీతో బిగించాడు. హ్యాండిల్ పెయింట్ పోలేదు, క్లాంప్ తిరగలేదు. బోల్టు వారానికోసారి చేత్తో కదిపి చూస్తా, కదిలితే పావు తిప్పు. మంగళగిరి దాటాక సర్వీస్ రోడ్డు గతుకుల్లో నా ముందు వెళ్ళే కుర్రాడి ఫోన్ ఎగిరి రోడ్డు మీద పడటం కళ్ళారా చూశా, వెనకొచ్చే ట్రాలీ దాని మీదుగానే పోయింది, ఆ కుర్రాడు బండి పక్కకి ఆపి అలా నిలబడిపోయాడు. అందుకే ఫోన్ కేసుకి ఒక తాడు కట్టి హ్యాండిల్‌కి తగిలించి ఉంచుతా.

ఎండ. రోహిణి కార్తెలో రోళ్ళు పగుల్తాయంటారు మనవాళ్ళు, ఫోన్ ఎంత. ఐఫోన్ వాడటానికి బయట వేడి 35 డిగ్రీల లోపు ఉండాలని కంపెనీయే రాసింది, మనకి మార్చి నెలలోనే ఆ లెక్క దాటిపోతుంది, మేలో 45 దగ్గరకి పోతుంది, దాని మీద నేరుగా ఎండ, లోపల మ్యాప్ నడుస్తూ జీపీఎస్, డేటా, ఫుల్ బ్రైట్‌నెస్, పైగా ఛార్జింగ్. ఫోన్ ముందు వెలుతురు తగ్గిస్తుంది, తర్వాత ఛార్జింగ్ ఆపేస్తుంది, అప్పటికీ చల్లబడకపోతే స్క్రీనే ఆపేస్తుంది. పోయిన మేలో మిట్టమధ్యాహ్నం వారధి మీద నాది అలాగే నల్లగా అయిపోయింది. అప్పుడు కూడా హెల్మెట్‌లో వాయిస్ మాత్రం ఆగలేదు, ఐఫోన్‌లో అయితే ఇది కావాలనే అలా పెట్టారు, వేడికి స్క్రీన్ ఆగినా దారి చెప్పడం వీలైనంత వరకు నడుస్తూనే ఉంటుంది. స్పీకర్ మొదట కొనమని నేను గట్టిగా చెప్పడానికి ఆ రోజు ఒక పెద్ద కారణం.

వేడి తగ్గించడానికి పనికొచ్చేవి రెండు మూడు ఉన్నాయి. జిప్ కవర్ లాంటి ప్లాస్టిక్ పౌచ్ మౌంట్లు మే నెలలో అస్సలు వద్దు, లోపల గాలి ఆడదు, ఫోన్ ఉడికిపోతుంది. నల్లటి లావు కేసు తీసేసి వెనక భాగం గాలికి తగిలేలా ఉంచండి. ఇంట్లోంచి ఫుల్ ఛార్జ్‌తో బయల్దేరితే గుంటూరు దాకా ఛార్జింగ్ పెట్టక్కర్లేదు, ఛార్జింగ్ లేకపోతే సగం వేడి ఉండదు. వైర్‌లెస్ ఛార్జింగ్ ఉన్న మౌంట్లు ఎండాకాలం మన ఊరికి పనికిరావు, మామూలు కేబుల్ కంటే ఎక్కువ వేడి చేస్తాయి.

వాన సంగతి తొందరగా చెప్తా. ఫోన్ మీద ఐపీ67 అని ఉంటే మీటరు లోతు మంచినీళ్ళలో అరగంట తట్టుకుంటుందని అర్థం, కాబట్టి వానకి ఫోన్ పాడవడం కంటే చినుకులు వేలు తాకినట్టు స్క్రీన్‌ని నొక్కేయడం పెద్ద తలనొప్పి, మ్యాప్ దానంతటదే జూమ్ అవుతుంది, ఎవరికో కాల్ పోతుంది. వాన మొదలవగానే ఫోన్ జేబులో పెట్టేసి చెవితో వెళ్ళడమే నా పద్ధతి. ఛార్జింగ్ పోర్టు తడిగా ఉన్నప్పుడు కేబుల్ గుచ్చొద్దు.

మౌంట్ కావాలి, మంచి ఫోన్ పాడవకూడదు అనుకునేవాళ్ళకి నేను చెప్పే మార్గం పాత ఫోన్. ప్రతి ఇంట్లో బీరువాలో ఒక పాత ఫోన్ ఉంటుంది, దాని కెమెరా పోయినా మనకి బాధ లేదు, దాన్ని బండికి బిగించి జేబులో ఉన్న మెయిన్ ఫోన్ నుంచి హాట్‌స్పాట్ ఇస్తే చాలు. ఒక్కటి మాత్రం చూసుకోండి, పాత ఫోన్ వెనక మూత ఉబ్బినట్టు ఉంటే బ్యాటరీ పోయిందని అర్థం, దాన్ని ఎండలో పెట్టొద్దు, బ్యాటరీ మార్పించాకే వాడండి. మా బాబాయి కొడుక్కి నేను మొదట ఇదే చెప్పా, వాడి దగ్గర మూడేళ్ళ నాటి ఫోన్ ఉంది, డిస్‌ప్లే మూల కొంచెం పగిలింది అంతే.

వాడు అడిగిన ఐదించుల స్క్రీన్ల సంగతి ఇప్పుడు. ఇవి విడిగా మ్యాప్ ఉన్న వస్తువులు కాదు, ఇది ముందు అర్థం చేసుకోవాలి, జేబులో ఉన్న ఫోన్‌తో వైర్‌లెస్‌గా కలిసి ఆండ్రాయిడ్ ఆటోనో, ఐఫోన్ అయితే అలాంటిదే అయిన కార్‌ప్లేనో చూపించే కిటికీ లాంటివి. వైర్‌లెస్ ఆండ్రాయిడ్ ఆటోకి ఫోన్‌లో కనీసం ఆండ్రాయిడ్ 11 ఉంటే మేలు. చిగీ, కార్‌పురైడ్ లాంటి పేర్లున్నవి ఉన్నాయి, పేరు లేనివి ఆన్‌లైన్‌లో బోలెడన్ని. లాభం ఏంటంటే మీ ఫోన్‌కి అదురు లేదు, ఎండ లేదు, వాన లేదు, కొన్ని మోడళ్ళలో ముందు వెనక కెమెరాలు కూడా వస్తాయి, యాక్సిడెంట్ జరిగినప్పుడు ఎవరిది తప్పో రికార్డు ఉంటుంది, హైవే మీద రోజూ తిరిగేవాళ్ళకి అది నిజంగా విలువైనది. నష్టం ఏంటంటే ఫోన్ వైఫై నడుపుతూనే ఉంటుంది కాబట్టి జేబులో వేడెక్కి బ్యాటరీ దిగిపోతుంది, ఒక్కోసారి సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు కనెక్షన్ తెగి మళ్ళీ కలవడానికి అర నిమిషం పడుతుంది.

ఇవి కొంటే వెలుతురు చూసుకోవాలి, దాన్ని నిట్స్‌లో చెప్తారు. గదిలో 400 నిట్స్ బ్రహ్మాండంగా కనపడుతుంది, బందరు రోడ్డు మీద మధ్యాహ్నం అదే స్క్రీన్‌లో మీ హెల్మెట్ నీడ తప్ప ఏమీ కనపడదు, కనీసం 1000 దగ్గర ఉండాలి. అమ్మేవాళ్ళు డబ్బా మీద ఏ అంకె రాసినా నమ్మకుండా, వీలైతే షాపు బయటికి తెచ్చి ఎండలో ఆన్ చేయించండి, గవర్నర్‌పేటలో అడిగితే తెచ్చి చూపించే షాపులు ఉన్నాయి. ఇంకోటి, మీరు పోలరైజ్డ్ కూలింగ్ గ్లాసులు పెట్టుకుంటారా, అయితే అవి పెట్టుకునే చూడండి, కొన్ని ఎల్‌సీడీ స్క్రీన్లు ఒక కోణంలో ఆ గ్లాసుల్లోంచి పూర్తిగా నల్లగా కనపడతాయి, కొన్ని ఫోన్లు కూడా నిలువుగా కనపడేవి అడ్డంగా తిప్పితే కనపడవు. ఇది వెయ్యి రివ్యూలు చదివినా తెలియదు, మీ గ్లాసు మీ కంటికి పెట్టుకుని చూస్తేనే తెలుస్తుంది.

వైరింగ్ దగ్గర దయచేసి పిసినారితనం వద్దు. స్క్రీన్ అయినా యూఎస్‌బీ ఛార్జర్ అయినా కీ తిప్పితేనే కరెంటు వచ్చేలా పెట్టించండి, మధ్యలో ఫ్యూజు ఉండాలి. మామూలు 100, 125 సీసీ బండ్లలో బ్యాటరీ 4 ఆంపియర్ అవర్ చుట్టుపక్కలే ఉంటుంది, 5 వాట్ల స్క్రీన్ నేరుగా బ్యాటరీకి కలిపి రాత్రి ఆపడం మర్చిపోతే లెక్క ప్రకారం 10 గంటల్లో బ్యాటరీ ఖాళీ, సెల్ఫ్ స్టార్ట్ అయితే ఇంకా ముందే మొరాయిస్తుంది. వారంటీలో ఉన్న కొత్త బండికి వైరు కోసి అతికించనివ్వొద్దు, మీ బండి మోడల్‌కి సరిపోయే కప్లర్, అంటే వైరు కోయకుండా గుచ్చే ప్లగ్గు దొరుకుతుందేమో అడగండి, కోసిన వైరు కనపడితే రేపు ఎలక్ట్రికల్ సమస్య వచ్చినప్పుడు సర్వీస్ సెంటర్ వాళ్ళు అదే చూపిస్తారు.

దొంగతనం కూడా గుర్తుపెట్టుకోండి. బస్టాండ్ పార్కింగ్‌లో, రైల్వే స్టేషన్ దగ్గర బండి రోజంతా పెట్టి వెళ్ళేవాళ్ళు ఒక్క నొక్కుతో ఊడొచ్చే స్క్రీనే కొనాలి, ఊడదీసి బ్యాగులో వేసుకెళ్ళాలి.

కొత్త బండ్లలో మీటరులోనే నావిగేషన్ వస్తుంది కదా అది సరిపోదా అని అడుగుతారు. చాలామందికి సరిపోతుంది అనే నేనంటా. టీవీఎస్ ఎన్‌టార్క్ 2018లో బ్లూటూత్ మీటరుతో వచ్చింది, రాయల్ ఎన్‌ఫీల్డ్ 2020లో మీటియోర్ 350తో ట్రిప్పర్ అని చిన్న గుండ్రటి డిస్‌ప్లే తెచ్చింది, అందులో మ్యాప్ ఉండదు, ఎటు తిరగాలో బాణం, ఇంకెంత దూరమో అంకె, అంతే. మొదట చూసినప్పుడు ఇంతేనా అనిపిస్తుంది, కానీ నడుపుతూ వాడితే అర్థమవుతుంది, బాణం గుర్తించడానికి అర సెకను చాలు, మ్యాప్‌లో గీతలు చదవడానికి రెండు మూడు సెకన్లు పడుతుంది. 2023లో వచ్చిన హిమాలయన్ 450లో నాలుగించుల గుండ్రటి స్క్రీన్ మీద గూగుల్ మ్యాప్ మొత్తం వస్తుంది, ఏథర్ 450ఎక్స్ ఎలక్ట్రిక్ స్కూటర్‌లో ఏడించుల టచ్ స్క్రీన్ మీద మ్యాప్ వస్తుంది. ఇవన్నీ బండితో పుట్టినవి కాబట్టి వెలుతురు, వాన, అదురు అన్నీ కంపెనీ చూసుకునే ఉంటుంది. బ్లూటూత్ మీటర్లతో ఉండే ఇబ్బంది కంపెనీ యాప్‌తోనే, ఫోన్‌లో బ్యాటరీ సేవర్ ఆన్‌లో ఉంటే ఆ యాప్ వెనకాల ఆగిపోతుంది, సరిగ్గా నాలుగు రోడ్ల సెంటర్ దగ్గర బాణం మాయమవుతుంది. ఆ ఒక్క యాప్‌కి బ్యాటరీ సేవర్ వర్తించకుండా సెట్టింగ్స్‌లో మార్చుకోండి, సగం మంది కంప్లైంట్లు దానితో పోతాయి.

అసలైన బైక్ జీపీఎస్ అంటే గార్మిన్ జూమో లాంటివి. జూమో ఎక్స్‌టీ 5.5 అంగుళాలు, ఎండలోనూ కనపడే వెలుతురు, నీళ్ళకి ఐపీఎక్స్7, గ్లౌజుతో పనిచేస్తుంది, మ్యాప్ లోపలే ఉంటుంది కాబట్టి ఫోన్‌తో పనే లేదు. వస్తువు చాలా మంచిది, లడఖ్, స్పితి వెళ్ళేవాళ్ళ బండ్ల మీద చూసి ముచ్చటపడ్డా. కానీ మంచి ఫోన్ ధర పెట్టి మన గుంటూరు-బెజవాడ మధ్య తిరగడానికి కొనడం నాకు సమంజసం అనిపించదు, లైవ్ ట్రాఫిక్ కావాలంటే మళ్ళీ ఫోన్ కలపాలి, మ్యాప్ అప్‌డేట్లు మనమే చేసుకోవాలి. మన చుట్టుపక్కల రోడ్లు ఏడాదికేడాది మారుతున్నాయి, కాజ నుంచి గొల్లపూడి మీదుగా చినఅవుటపల్లి దాకా పశ్చిమ బైపాస్, అమరావతి లోపల కొత్త రోడ్లు, పాత మ్యాప్ ఉంటే అవి పొలాల్లాగా కనపడతాయి.

సిగ్నల్ లేకపోతే ఫోన్ పనిచేయదు కదా, అందుకే గార్మిన్ కావాలి అనే మాట కూడా విన్నా, అది పొరపాటు. జీపీఎస్ ఉపగ్రహాల నుంచి వస్తుంది, సెల్ టవర్‌తో దానికి పని లేదు, నెట్ కావాల్సింది మ్యాప్ బొమ్మ దించుకోవడానికీ ట్రాఫిక్‌కీ. దోర్నాల నుంచి శ్రీశైలం దాకా నల్లమలలో సుమారు 50 కిలోమీటర్లు, చాలా చోట్ల సిగ్నల్ ఉండదు, నేను బయల్దేరే ముందు రాత్రి ఇంటి వైఫైలో ఆ ప్రాంతం మొత్తం ఆఫ్‌లైన్ మ్యాప్ దించుకుంటా, ఘాట్‌లో ఒక్కసారి కూడా దారి ఆగలేదు. ఆఫ్‌లైన్‌లో ట్రాఫిక్ రాదు, వేరే దారులు చూపించదు, అడవిలో ఉన్నది ఒకటే దారి కాబట్టి ఇబ్బంది లేదు. ఆర్గానిక్ మ్యాప్స్ అని ఇంకో యాప్ ఉంది, ఉచితం, ప్రకటనలు ఉండవు, పూర్తిగా నెట్ లేకుండా నడుస్తుంది, రెండోదిగా ఫోన్‌లో ఉంచుకోండి. అక్కడ రాత్రిపూట అడవి గేట్లు మూసేస్తారు, ఏ మ్యాప్ చెప్పినా చెప్పకపోయినా చీకటి పడకముందే దోర్నాల దాటేలా చూసుకోండి.

ఏ వస్తువు కొన్నా తీరని సమస్య మన ఊళ్ళో ఒకటుంది, ఫ్లైఓవర్లు. జీపీఎస్‌కి మీరు పైన ఉన్నారో కింద ఉన్నారో తేల్చుకోవడం కష్టం, రెండూ ఒకే చోట కదా. భవానీపురం వైపు నుంచి వచ్చి ప్రకాశం బ్యారేజీ మీదుగా ఉండవల్లి వెళ్ళాలంటే కనకదుర్గ ఫ్లైఓవర్ ఎక్కకూడదు, కింద నుంచే వెళ్ళాలి, ఎక్కారా, గుడి దాటి బస్టాండ్ వైపు దిగి మళ్ళీ వెనక్కి రావాల్సిందే. బెంజి సర్కిల్ దగ్గరా అంతే, కొత్తగా వచ్చినవాళ్ళు పై నుంచి పోయి బందరు రోడ్డు దాటిపోతారు. స్క్రీన్ పెద్దదైతే ఇది తెలుస్తుందా అంటే, తెలియదు, గీత మీద గీత ఉంటుంది అంతే. మ్యాపుల్స్ అనే మన దేశపు మ్యాప్ యాప్‌లో కొన్ని జంక్షన్లకి ముందే బొమ్మ వేసి ఏ లేన్‌లో ఉండాలో చూపిస్తుంది, అలాంటి చోట అది గూగుల్ కంటే నయం. ఏ యాప్ వాడినా బయల్దేరే ముందు ఒక నిమిషం మ్యాప్ పెద్దది చేసి ఎక్కడ పైకెక్కాలి ఎక్కడ కింద ఉండాలి అన్నది ఒకసారి చూసుకుని బండి తీయండి.

రూలు కూడా తెలుసుకోండి. ఫోన్ చేత్తో పట్టుకుని వాడితే మోటారు వాహనాల చట్టం 184 కింద ప్రమాదకరమైన డ్రైవింగ్ కేసు అవుతుంది, మొదటిసారికే 1000 నుంచి 5000 దాకా జరిమానా పడొచ్చు. 2020 అక్టోబర్ 1 నుంచి వచ్చిన మార్పు ప్రకారం దారి చూసుకోవడానికి మాత్రం, అదీ ఏకాగ్రత దెబ్బతినకుండా వాడొచ్చు. అంటే మౌంట్‌లో మ్యాప్ తప్పు కాదు, తొడ మీద పెట్టుకుని ఒక చేత్తో నడుపుతూ చూడటం తప్పు. అలా చూసేవాళ్ళని రోజూ ఏలూరు రోడ్డులో చూస్తూనే ఉన్నా, చాలావరకు డెలివరీ పిల్లలు.

వాళ్ళ గురించి వేరేగా చెప్పాలి, ఎందుకంటే ఈ వస్తువుల అవసరం అందరికంటే వాళ్ళకే ఎక్కువ, డబ్బు మాత్రం అందరికంటే తక్కువ. రోజుకి పది పన్నెండు గంటలు, ప్రతి పావుగంటకీ కొత్త అడ్రసు, ఆర్డర్ యాప్ కూడా అదే ఫోన్‌లో, కాబట్టి ఫోన్ బయటే ఉండాలి, విడి స్క్రీన్ కుదరదు. వాళ్ళకి నేను చెప్పేది డ్యాంపర్ ఉన్న మౌంటు, ఇగ్నిషన్ మీద నడిచే మంచి యూఎస్‌బీ ఛార్జర్, హెల్మెట్‌కి చవక బ్లూటూత్ స్పీకరు, ఈ మూడూ. ఒకేసారి కొనలేకపోతే స్పీకర్ ముందు కొనండి తమ్ముడూ, తర్వాత మౌంటు, చివర్న ఛార్జరు, అప్పటిదాకా పవర్ బ్యాంక్‌తో నెట్టుకురావచ్చు, కానీ పవర్ బ్యాంక్ ట్యాంక్ మీద ఎండలో పెట్టొద్దు, సీటు కిందో బ్యాగులోనో ఉంచండి.

రోజూ ఒకే దారిలో ఆఫీసుకి వెళ్ళొచ్చేవాళ్ళకి నిజానికి స్క్రీనే అక్కర్లేదు, దారి తెలుసు కదా, ట్రాఫిక్ ఎక్కడుందో చెవిలో చెప్తే చాలు. వాచీ ఉన్నవాళ్ళు దాన్నీ వాడొచ్చు, ఆపిల్ వాచ్ లాంటివి మలుపు దగ్గర మణికట్టు మీద తడతాయి. హెల్మెట్ అద్దం మీదే మ్యాప్ చూపించే హెడ్‌అప్ డిస్‌ప్లేలు ఉన్నాయి గానీ నేను వాడలేదు, వాటి కోసం డబ్బు పెట్టమని చెప్పను. నెలకో ట్రిప్పు వేసేవాళ్ళకి పాత ఫోన్ ప్లస్ స్పీకర్. హైవే మీద వారంలో మూడు నాలుగు రోజులు వంద కిలోమీటర్లు పైన తిరిగే మెడికల్ రెప్‌లు, సేల్స్ వాళ్ళు, వాళ్ళకి మాత్రం కెమెరాలున్న స్క్రీన్ పెట్టిన డబ్బుకి న్యాయం చేస్తుంది. కొత్త బండే కొనబోతున్నవాళ్ళు మీటరులో నావిగేషన్ ఉన్న వేరియంట్‌కి తేడా ఎంతో అడగండి, విడిగా స్క్రీన్ కొనే ధర కంటే తక్కువైతే అదే తీసుకోండి.

ఇవన్నీ విని మా బాబాయి కొడుకు స్క్రీన్ ఆలోచన ఆపేశాడు. గవర్నర్‌పేట వెళ్ళి స్పీకర్ సెట్టు, డ్యాంపర్ మౌంటు తెచ్చాడు, సైకిల్ ట్యూబు ముక్క నేనే కోసిచ్చా. పోయిన ఆదివారం ఇద్దరం సూర్యలంక వెళ్ళొచ్చాం, వెళ్ళేటప్పుడు చందోలు దగ్గర టీకి ఆగితే "అన్నయ్యా, పొద్దున్నుంచి ఆ ఫోన్ వంక నాలుగైదు సార్ల కంటే చూళ్ళేదు" అన్నాడు.